కార్ల కోసం కట్టిన ఊళ్ళో కారు లేని మనం

ఇది పెద్ద పోస్ట్. బ్రేక్ టైంలో సగం, లువాస్‌లో సగం చదువుకోండి. కొత్తగా వచ్చిన తమ్ముళ్ళు, చెల్లెళ్ళు మాత్రం చివరిదాకా చదవాలని నా కోరిక.

మొన్న ఆదివారం పప్పుచారు కాస్తుంటే మా రూమ్మేట్ తమ్ముడు పక్కకొచ్చి మెల్లగా అడిగాడు. "అన్నా, ఒక పాత కారు దొరికింది. లెర్నర్ పర్మిట్ ఉంది కదా. ఎల్ బోర్డు పీకేసి ఒక్కణ్ణే పోతే ఏమైతది? రాత్రి రెండింటికి ఎవడు ఆపుతడు?"

వాడు బాలీమౌంట్ వైపు ఒక గోడౌన్‌లో చేస్తాడు. షిఫ్ట్ అయ్యేసరికి రాత్రి రెండు. ఆ టైంలో లువాస్ ఉండదు, వాడి దారికి బస్సు ఉండదు. రోజూ టాక్సీ అంటే జీతంలో సగం దానికే పోతుంది. అందుకని నడుస్తాడు. దాదాపు గంట నడక. దారిలో కిల్నమనా వస్తుంది. 2025 జూలై 19న అక్కడ మన ఇండియా మనిషికి ఏం జరిగిందో మీకందరికీ తెలుసు. అప్పట్నుంచి వాడు నడుస్తూ నాకు ఫోన్ చేసి ఇంటికొచ్చేదాకా మాట్లాడుతూనే ఉంటాడు.

కాబట్టి వాడి ప్రశ్న కొంటె ప్రశ్న కాదు, భయంలోంచి వచ్చింది. నేను వెంటనే "వద్దురా" అనలేకపోయాను. రెండు రోజులు ఆలోచించాను. ఆలోచిస్తూ ఈ ఊరి కథ, ఈ దేశంలో కార్ల కథ వెతుక్కుంటూ పోయాను. దొరికింది మీతో పంచుకుంటున్నాను. వాడికి నా జవాబు చివర్లో ఉంది.

రోడ్డు పక్కన శిలువలు

టాలట్ అనే పేరుకి ఐరిష్‌లో మూలం తామ్‌లక్ట్. అంటే మహమ్మారితో చచ్చినవాళ్ళని పూడ్చిన చోటు. మన ఊళ్ళకి చెరువు పేరో, దేవుడి పేరో ఉంటుంది. ఈ ఊరికి శ్మశానం పేరు పడింది. దిష్టి తగలకుండా పెట్టారేమో అని నేను నవ్వుకునేవాణ్ణి. తర్వాత ఆవిరి ట్రామ్ కథ తెలిశాక నవ్వు ఆగిపోయింది.

1888 ఆగస్టు 1న టెరెన్యూర్ నుంచి బ్లెస్సింగ్టన్‌కి ఆవిరి ట్రామ్ మొదలైంది. టెంపుల్‌ఓగ్, టాలట్, జాబ్స్‌టౌన్ మీదుగా దాదాపు పాతిక కిలోమీటర్లు. పల్లె సరుకు, పాలు, పశువులు, ఆదివారం షికారుకి పోయే పట్నం జనం, అందరికీ అదే దిక్కు. 1895లో దాన్ని పౌలాఫూకా జలపాతం దాకా పొడిగించారు. అయితే ఆ పట్టాలకి విడిగా దారి లేదు, జనం నడిచే రోడ్డు అంచునే వేశారు. చీకట్లో ఇంటికి నడిచే మనిషికీ, ఇంజనుకీ మధ్య అడ్డం ఏమీ లేదు. చాలామంది దాని కింద పడి చచ్చిపోయారు. చనిపోయినచోట చుట్టాలు శిలువలు పాతేవాళ్ళు. ఆ శిలువలు ఎన్ని అయ్యాయంటే, దానికి ప్రపంచంలోనే పొడవైన శ్మశానం అని పేరు పడింది. టెంపుల్‌ఓగ్‌లో ఒక పబ్బుని ఇప్పటికీ జనం 'మార్గ్' అంటారు. ట్రామ్ కింద పోయినవాళ్ళ శవాలని తెచ్చి అక్కడ పెట్టేవాళ్ళట.

ఆ ట్రామ్‌ని చంపింది బస్సు. 1920ల్లో ప్రైవేట్ బస్సులు పోటీకొచ్చాయి. పట్టాలు అక్కర్లేదు, చెయ్యెత్తితే ఆగుతుంది, త్వరగా తీసుకెళ్తుంది. 1932 డిసెంబర్ 31న ఆఖరి ట్రామ్ తిరిగింది. ఈ 1932 అనే సంవత్సరం గుర్తుపెట్టుకోండి.

ఎందుకంటే సరిగ్గా అదే ఏడాది జూన్‌లో హైదరాబాద్ సంస్థానంలో నిజాం రైల్వే కింద రోడ్డు రవాణా విభాగం మొదలైంది. 27 బస్సులు, 166 మంది ఉద్యోగులు. మన ఆర్టీసీకి మూలపురుషుడు అదే. 1958 జనవరి 11న అది ఏపీఎస్ఆర్టీసీ అయింది. మా నల్లగొండ వైపు మా తాత కాలంలో బస్సంటే దేవుడి రథం లెక్క. రోజుకి ఒకటే బస్సు, దాని రాకని బట్టే పొలంలో వాళ్ళు టైం చెప్పేవాళ్ళు. తర్వాత పట్నంవాళ్ళు మనల్ని "ఎర్రబస్సెక్కి వచ్చినవా" అని వెక్కిరించారు గానీ, ఆ ఎర్రబస్సు లేకపోతే మనలో సగంమంది కాలేజీ మొహం చూసేవాళ్ళం కాదు. కాలేజీ లేకపోతే డబ్లిన్ ఎక్కడిది?

అంటే ఒకే ఏడాదిలో ఇక్కడ టాలట్‌లో ఒక బండి ఆగిపోయింది, అక్కడ మనకి ఒక బండి మొదలైంది.

డన్లప్ బండి మనదే అనుకున్నాం

ఇంకో ముచ్చట. మన ఊళ్ళలో రబ్బరు టైర్ల ఎడ్లబండిని డన్లప్ బండి అంటాం కదా. నేను చిన్నప్పుడు డన్లప్ అంటే తెలుగు మాటే అనుకునేవాణ్ణి. జాన్ బాయిడ్ డన్లప్ అనే స్కాట్లాండ్ పశువుల డాక్టర్ ఈ ఐర్లాండ్ ద్వీపంలోనే, బెల్‌ఫాస్ట్‌లో ఉండేవాడు. 1887-88లో తన కొడుకు మూడు చక్రాల సైకిల్ కుదుపు తగ్గాలని గాలి నింపిన రబ్బరు గొట్టం చుట్టి చూశాడు. 1889లో దాని కంపెనీ డబ్లిన్‌లోనే మొదలైంది. మా నాయన వడ్లు మార్కెట్‌కి తోలిన బండి చక్రం పేరు నేను ఇప్పుడు బతుకుతున్న దేశంలోంచి వచ్చింది.

మోటారు వాహనం కింద పడి చనిపోయిన మొదటి మనిషిగా చెప్పేది కూడా ఇక్కడి ఆవిడనే. పేరు మేరీ వార్డ్. మైక్రోస్కోప్‌లో చూసినవి బొమ్మలు గీసి పుస్తకాలు రాసిన శాస్త్రవేత్త. 1869 ఆగస్టు 31న బిర్ అనే ఊళ్ళో, ఆమె చుట్టాలు ఇంట్లోనే తయారుచేసిన ఆవిరి బండి మీద పోతుంటే, మలుపు దగ్గర జారి చక్రం కింద పడింది. 42 ఏళ్ళు. అప్పటికి ఇంకా పెట్రోల్ కారే పుట్టలేదు.

చేసిన దేశం, కొనే దేశం

ఇక్కడ కార్లు తయారవ్వవు, అన్నీ బయటినుంచే వస్తాయి. కానీ ఒకప్పుడు కథ వేరు. హెన్రీ ఫోర్డ్ తండ్రి కార్క్ కౌంటీవాడు, అమెరికాకి వలస పోయిన మనిషి. కొడుకు 1917లో తండ్రి జిల్లాకే తిరిగొచ్చి కార్క్‌లో కంపెనీ పెట్టాడు. మొదట ట్రాక్టర్లు, తర్వాత కార్లు. తరాల తరబడి కార్క్‌లో ఫోర్డ్ ఉద్యోగం అంటే మన దగ్గర సింగరేణి ఉద్యోగం లెక్క. 1984లో మూసేశారు. అలాగే జర్మనీ బయట బిగించిన మొట్టమొదటి ఫోక్స్‌వాగన్ బీటిల్ కూడా డబ్లిన్‌లోదే, 1950లో. తర్వాత ఆ పని నాస్ రోడ్డుకి మారింది. మనలో చాలామంది గోడౌన్ షిఫ్టులకి పోయే నాస్ రోడ్డే అది.

ఎందుకు మూతపడ్డాయంటే, అప్పట్లో బయటి కార్లకి సుంకాలు ఎక్కువ, విడిభాగాలు తెచ్చి ఇక్కడ బిగిస్తే తక్కువ. 1973లో ఐర్లాండ్ యూరోప్ కూటమిలో చేరాక ఆ గోడ మెల్లగా కూలింది. బయట తయారైన కారే చౌక అయ్యాక ఇక్కడ బిగించడం ఎందుకు?

మన దగ్గర సరిగ్గా ఉల్టా జరిగింది. అంబాసిడర్ కోసం ఏళ్ళు ఎదురుచూసిన దేశం మనది. 1983 డిసెంబర్‌లో మారుతి 800 వస్తే పండగ చేసుకున్నాం. ఇప్పుడు పెనుకొండ దగ్గర, వానలు పడని నేలలో, 2019 నుంచి కియా కార్లు బయటికొస్తున్నాయి. అప్పట్లో కారు కొనలేని మన జిల్లాలు ఇప్పుడు కార్లు చేస్తున్నాయి. కార్లు చేసిన డబ్లిన్‌లో ఇప్పుడు మనం గోడౌన్‌లో పెట్టెలు మోస్తున్నాం. కాలం బండి ఎటు తిరుగుతుందో ఎవడు చెప్పగలడు.

ఇళ్ళు ముందు, దారి తర్వాత

ఇప్పుడు అసలు విషయం. టాలట్‌లో ఏ పని మీద నడిచినా ఎందుకింత దూరం అనిపిస్తుంది? పక్క గల్లీ కనపడుతుంటుంది, కానీ మధ్యలో గోడ. గోడ చుట్టి పోతే పావుగంట. గల్లీలన్నీ లోపలికి పోయి మూసుకుపోతాయి. పెద్ద రోడ్డు పక్కన షాపు ఉండదు, మనిషి ఉండడు, పొడవాటి గోడ ఉంటుంది. రాత్రిపూట ఆ గోడ పక్కన నడవాలంటే గుండె చేతిలో పెట్టుకోవాలి.

దానికి కారణం ఒక ప్లాన్. 1967లో మైల్స్ రైట్ అనే ఇంగ్లాండ్ ప్లానర్ డబ్లిన్ ప్రాంతానికి ఒక నివేదిక ఇచ్చాడు. నగరానికి పడమట నాలుగు కొత్త పట్టణాలు కట్టాలని అందులో ఉంది. టాలట్, క్లొండాల్కిన్, లూకన్, బ్లాంచర్డ్స్‌టౌన్. రాబోయే కాలంలో ప్రతి ఇంటికీ కారు ఉంటుంది, జనం కార్లలోనే తిరుగుతారు అనే లెక్క మీద వేసిన ప్లాన్ అది. అప్పటికి టాలట్ కొన్ని వేల మంది ఉన్న పల్లె. ఇప్పుడు ఎనభై వేలకి అటూ ఇటూ.

లెక్క ఎక్కడ తప్పిందంటే, ఇళ్ళు ఇచ్చింది కార్లున్నవాళ్ళకి కాదు. 1970లు, 80ల్లో డబ్లిన్ లోపలి ఇరుకు గదుల్లోంచి కూలి కుటుంబాలని తెచ్చి జాబ్స్‌టౌన్, కిల్లినార్డెన్, ఫెటర్‌కేన్‌లలో ఇళ్ళిచ్చారు. ఇళ్ళు ముందొచ్చాయి. షాపులు, ఆసుపత్రి, బస్సులు తర్వాతెప్పుడో వచ్చాయి. ఇంట్లో కారు ఉన్నా అది పొద్దున్నే మొగుడితో పనికి పోయేది. పిల్లలతో ఇంట్లో మిగిలిన ఆడవాళ్ళకి పాల ప్యాకెట్టు కావాలన్నా దిక్కు లేదు. అందుకే వ్యాన్లలో సరుకులు పెట్టుకుని గల్లీ గల్లీ తిరిగే షాపులు పుట్టాయి. మన ఊళ్ళలో ఉల్లిగడ్డల ఆటో వచ్చినట్టే.

1990లో పరిస్థితి మారడం మొదలైంది. ఆ ఏడాది మార్చిలో ఎం50 మీద లిఫీ నది దాటే టోల్ వంతెన తెరిచారు. అక్టోబర్ 23న ద స్క్వేర్ తెరిచారు. మనందరం వెళ్ళే ఆ షాపింగ్ సెంటర్ చుట్టూ చూడండి, పార్కింగ్ సముద్రంలో దీవి లాగా ఉంటుంది. అది కూడా కార్ల లెక్కే. 1998 జూన్‌లో ఆసుపత్రి వచ్చింది. ఈరోజు అందులో మన ఇండియా నర్సులు లేకపోతే ఎలా నడుస్తుందో ఊహించలేం. 2004 సెప్టెంబర్ 26న లువాస్ రెడ్ లైన్ వచ్చింది. లువాస్ అంటే ఐరిష్‌లో వేగం. 1949లో డబ్లిన్ నగరం తన ట్రామ్‌లని పీకేసింది. 55 ఏళ్ళకి కోట్లు ఖర్చుపెట్టి మళ్ళీ వేసుకుంది. టాలట్‌కైతే ఆవిరి ట్రామ్ పోయాక 72 ఏళ్ళకి మళ్ళీ పట్టాలు వచ్చాయి.

కాబట్టి మీరు స్టాప్‌లో వానలో తడుస్తూ "ఈ ఊళ్ళో కారు లేకపోతే బతకలేం రా బాబు" అనుకుంటే, ఆ మాట నలభై ఏళ్ళ క్రితం ఇక్కడి ఐరిష్ తల్లులు అనుకున్న మాటే. ఈ ఊరు కారు లేనివాణ్ణి ముందునుంచీ ఇబ్బంది పెట్టింది. మన రంగు చూసి మొదలుపెట్టలేదు. దాడి చేసేవాడి కథ వేరు, అది క్షమించేది కాదు. కానీ ఒక్కటి మర్చిపోవద్దు. ఆ రోజు కిల్నమనాలో రక్తంతో ఉన్న ఆ మనిషిని చూసి కారు ఆపి దిగి సాయం చేసింది ఆ దారిన పోతున్న ఒక ఐరిష్ మహిళ. తర్వాతి వారం వందలమంది స్థానికులు అతనికి మద్దతుగా రోడ్డెక్కారు.

లైసెన్స్ పంచిపెట్టిన సంవత్సరం

ఇప్పుడు తమ్ముడి ప్రశ్నకొద్దాం. మన ఇండియా లైసెన్స్ ఇక్కడ మార్చుకునే జాబితాలో లేదు. మళ్ళీ థియరీ, లెర్నర్ పర్మిట్, క్లాసులు, టెస్ట్. డేట్ కోసం నెలల తరబడి చూడాలి. "పదేళ్ళు హైదరాబాద్ ట్రాఫిక్‌లో నడిపినోణ్ణి, నాకు ఎల్ బోర్డా" అని మనందరికీ కాలుతుంది. నాక్కూడా కాలింది. మొదటి టెస్ట్‌లో ఫెయిలయ్యాను కూడా, రౌండ్అబౌట్ దగ్గర అద్దం చూడలేదని. మన దగ్గర అద్దం దువ్వెన కోసం కదా.

ఈ దేశంలో 1964 దాకా టెస్టే లేదు. డబ్బు కడితే లైసెన్స్. తర్వాత 1979లో టెస్ట్ కోసం క్యూ ఎంత పెరిగిపోయిందంటే, మంత్రి ఒక్క దెబ్బతో సుమారు 45,000 మందికి టెస్ట్ లేకుండానే ఫుల్ లైసెన్స్ ఇచ్చేశాడు. వాళ్ళల్లో కొంతమంది ఇప్పటికీ నడుపుతూనే ఉంటారు. మీకు హారన్ కొట్టిన పెద్దాయన అందులో ఒకడేమో! అంతేకాదు, 2008 దాకా రెండో ప్రొవిజనల్ లైసెన్స్ ఉన్నవాళ్ళు పక్కన ఎవరూ లేకుండా నడపొచ్చు.

ఇది చదివినప్పుడు నాకు కోపమొచ్చింది. వీళ్ళకి పంచిపెట్టి, మనం వచ్చాక తలుపేశారా?

కానీ అంకెలు చూశాక కోపం దిగింది. 1972లో ఈ చిన్న దేశంలో రోడ్ల మీద 640 మంది చచ్చిపోయారు. ఇప్పుడు కార్లు ఎన్నో రెట్లు పెరిగాయి, చావులు మాత్రం ఏడాదికి రెండు వందల లోపు. ఊరికే తగ్గలేదు. 2001లో థియరీ టెస్ట్, 2002లో పెనాల్టీ పాయింట్లు, 2011లో పన్నెండు క్లాసులు తప్పనిసరి. ఇండియా లైసెన్స్ ఉన్నవాళ్ళకి షరతులు కుదిరితే పన్నెండు బదులు ఆరే. అది అడిగి తెలుసుకోండి, చాలామందికి తెలియదు. ఇంక 2018 డిసెంబర్ నుంచి, లెర్నర్ ఒంటరిగా నడిపితే గార్డా కారు తీసుకుపోవచ్చు, తెలిసి కారు ఇచ్చిన ఓనర్ మీద కూడా కేసు. ఆ చట్టం వెనక కార్క్‌లో ఒక తండ్రి ఉన్నాడు. ఒంటరిగా వచ్చిన లెర్నర్ కారు గుద్ది ఆయన భార్య, కూతురు ఒకే రోజు పోయారు. ఆయన ఏళ్ళ తరబడి తిరిగి తిరిగి సాధించిన చట్టం అది.

అంటే తలుపేసింది మన కోసం కాదు. పాత ఆవిరి ట్రామ్ దారిలో శిలువలు పాతారు చూశారా, ఈ ఎల్ బోర్డు కూడా అలాంటి గుర్తే. ఎవరో పోతే పెట్టిన గుర్తు.

తమ్ముడికి నా జవాబు

నేను వాడికి చెప్పింది ఇది.

"ఒరేయ్, రాత్రి రెండింటికి ఎవడూ ఆపకపోవచ్చు. నువ్వు బాగానే నడపొచ్చు. కానీ అదే టైంకి నీలాగే కారు లేనోడు ఇంకొకడు నల్ల జాకెట్ వేసుకుని ఆ గోడ పక్కన నడుస్తుంటడు. నువ్వు గుద్దితే వాడు పోతడు, నీ ఇన్సూరెన్స్ మాట, నీ స్టాంప్ మాట, నీ ఇంటికాడ అప్పు మాట ఏమైతదో నువ్వే ఆలోచించు. అట్లని నిన్ను నడువుమని కూడా నేను అనను."

అందుకని ఇలా చేశాం. మా గోడౌన్ల వైపు పనిచేసే మనోళ్ళలో ఫుల్ లైసెన్స్ వచ్చి రెండేళ్ళు దాటినవాళ్ళు ముగ్గురున్నారు. షిఫ్ట్ టైములు రాసుకుని ఒక గ్రూప్ పెట్టాం. వారంలో నాలుగు రాత్రులకి సీటు కుదిరింది, పెట్రోల్ తలా ఇంత. మిగిలిన రాత్రులు ఇద్దరు ముగ్గురు కలిసి ఒక టాక్సీ. సెలవు రోజు తమ్ముడు కారు నడుపుతాడు, పక్కన నేను కూర్చుంటాను, ఎల్ బోర్డు మాత్రం ఉంటుంది. మొన్న బ్లెస్సింగ్టన్ దాకా పోయాం, ఆ పాత ట్రామ్ దారి వెంబడే. జాబ్స్‌టౌన్ దాటాక కొండలు కనపడ్డాయి. వాడు "అన్నా, ఇది అచ్చం మన దేవరకొండ దారి లెక్కుందే" అన్నాడు. "అద్దం చూడరా ముందు" అన్నాను.

ఆ గ్రూప్ మా ఒక్కరిదే కాదు. టాలట్, సిటీవెస్ట్, క్లొండాల్కిన్‌లో రాత్రి షిఫ్ట్ చేసే మనోళ్ళు ఎవరున్నా కామెంట్‌లో మీ ఏరియా, షిఫ్ట్ అయ్యే టైం రాయండి. ఇంటి అడ్రస్ రాయొద్దు. సీటు ఖాళీ ఉన్న అన్నలు, అక్కలు కూడా చెప్పండి. మన ఊళ్ళో బస్సు ఫుల్ అయినా కండక్టర్ "జరగండి, ఇంకొకరికి చోటుంది" అనేవాడు కదా. అదే మాట ఇక్కడ మనం అందాం.

ఎక్కడైనా తప్పు రాస్తే చెప్పండి, సరిచేస్తాను. ఇంటికి చేరాక ఒక మెసేజ్ పెట్టడం మర్చిపోవద్దు.